మళ్ళీ మొదటి మాత్ర

కైకలూరు, ముదినేపల్లి మండలాలు కృష్ణా జిల్లా నుంచి మా ఏలూరు జిల్లాలోకి మారిన ఏడాది, వానాకాలంలో నాకు ఒక కొత్త బాధ్యత అప్పగించారు. అప్పటికి నేను ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంటుని. ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. స్టాఫ్ నర్సుగా చేరి, వార్డు ఇన్‌ఛార్జినై, చివరికి ఆ కుర్చీ దాకా వచ్చాను గాని, అందులో కూర్చునే తీరిక మాత్రం ఎప్పుడూ దొరకలేదు. ఇల్లు తాడేపల్లిగూడెంలో. పొద్దున రైలెక్కి రావడం, సాయంత్రం రైలెక్కి పోవడం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా సిస్టర్లు చాటుగా అనుకునేవారు. ఎదురుగా అన్నా నేను కాదనేదాన్ని కాదు.

కొత్త బాధ్యత ఏమిటంటే, న్యూరాలజీ విభాగంలో ‘మొదటి మోతాదు గది’ అని ఒకటి తెరిచారు. దాన్ని నేను చూసుకోవాలి. ఈ వృత్తిలోకి రాబోయే ఆడపిల్లలు నన్ను తరచూ అడుగుతుంటారు, మీ సర్వీసులో బాగా భయపడింది ఎప్పుడండీ అని. హైవే మీద యాక్సిడెంట్ల గురించో, కాన్పుల వార్డులో రాత్రుల గురించో చెబుతానని ఎదురుచూస్తారు. నేను భయపడింది ఆ గదికి సంబంధించిన ఒక మాత్ర వల్ల. అందులో రక్తం లేదు, కేకలు లేవు, ఎవరూ గొంతు కూడా పెంచలేదు.

ముందు జబ్బు సంగతి చెప్పాలి. మల్టిపుల్ స్క్లిరోసిస్‌లో, ఒంటిని కాపాడవలసిన తెల్లరక్తకణాలే దారితప్పి, మెదడులోను వెన్నుపాములోను నరాలకుండే పైపొరను కొరికేస్తాయి. ఒకరికి కన్ను మసకబారుతుంది, ఒకరికి కాళ్ళు మొద్దుబారతాయి. తగ్గినట్టే తగ్గి ఇంకోచోట తిరగబెడుతుంది. ఒకప్పుడు దీనికి సూదిమందులే ఉండేవి. ఇప్పుడు నోటితో వేసుకునేవి వచ్చాయి. వాటిలో ఫింగోలిమాడ్ అనేది రోజుకొకటి వేసుకునే గొట్టం మాత్ర. అది ఆ కణాలను చంపదు. పోలీసులను స్టేషను గేటు దాటనివ్వనట్టు, వాటిని లింఫు గ్రంథుల్లోనే ఆపి ఉంచుతుంది.

ఆ మాత్రకు ఒక చిత్రమైన గుణం ఉంది. మొదటిసారి వేసుకున్నప్పుడు గుండె వేగాన్ని తగ్గిస్తుంది. కొన్ని గంటలపాటు నాడి దిగుతూ పోయి, ఒకచోట ఆగి, మళ్ళీ నెమ్మదిగా పైకి వస్తుంది. రోజూ వేసుకుంటూ ఉంటే గుండె దానికి అలవాటుపడిపోతుంది. అందుకే మొదటి మాత్ర ఆసుపత్రిలో, మా కళ్ళముందే వేయాలి. ముందు ఈసీజీ తీస్తాం. వేశాక ఆరు గంటలు కూర్చోబెట్టి, గంటగంటకూ నాడి, బీపీ చూస్తాం. చివర మళ్ళీ ఈసీజీ. అప్పటికీ నాడి దిగుతూనే ఉంటే ఇంటికి పంపం.

పనేమీ ఉండదు కదా అని మా సిస్టర్లు మొదట్లో ఆ గది డ్యూటీ అడిగి మరీ వేయించుకునేవారు. రెండు మూడుసార్లు కూర్చున్నాక తప్పించుకోవడం మొదలుపెట్టారు. ఐసీయూలో గుండె మందగిస్తే మనిషీ వాడిపోతాడు, ముఖం చూస్తేనే తెలుస్తుంది. ఇక్కడ అలా కాదు. మనిషి కిటికీలోంచి కాలవ చూస్తూ, బత్తాయి తొనలు తింటూ, ఆడపడుచు మీద చాడీలు చెబుతూ ఉంటుంది. పక్కన మానిటరు మీద అంకె మాత్రం ఒక్కొక్క మెట్టే దిగుతుంటుంది. ఇంటావిడ హాల్లో కబుర్లాడుతుంటే, లోపలి గదుల్లో ఎవరో ఒక్కొక్క దీపమే ఆర్పుకుంటూ పోతున్నట్టు ఉండేది నాకు. ఆ మనిషికి ఆ సంగతి తెలియదు. మనం చెప్పం.

శారద ఆ గదికి వచ్చిన తొలి రోగుల్లో ఒకరు. ముప్పై దాటిన మనిషి, ఐదేళ్ళ పాపకు తల్లి. ముదినేపల్లికి ఇవతల, చేపల చెరువుల మధ్య ఒక చిన్న ఊరు వాళ్ళది. భర్త సుబ్రహ్మణ్యం గారు హైస్కూల్లో తెలుగు మాస్టారు. మామగారు ఊరి గుళ్ళో అర్చకత్వం చేసి కాలం చేశారు. అత్తగారు కామేశ్వరమ్మ గారు. మడి, ఆచారం, మాటలో మర్యాద, చూపులో చురుకు, అన్నీ సమంగా ఉన్న మనిషి. శారదకు అంతకుముందు ఏడాదిలో రెండుసార్లు జబ్బు తిరగబెట్టింది. ఒకసారి కుడికన్ను, ఒకసారి కాళ్ళు. పాపను ఎత్తుకుని నాలుగడుగులు వేయాలన్నదే తన కోరికంతా అని నాతో సూటిగా చెప్పింది.

మందు మొదలుపెట్టేముందు చేయవలసిన పరీక్షలు చాలా ఉంటాయి. రక్తకణాలు, లివరు, కళ్ళు, గుండె. గర్భం లేదని చూసుకోవాలి, రాకుండా జాగ్రత్తపడాలి. ఇంకొకటి చికెన్‌పాక్స్. ఈ మందు మీద ఉన్నవాళ్ళకు అది సోకితే ప్రాణం మీదకు రావచ్చు. అందుకని దానికి రక్తంలో రక్షణ ఉందో లేదో ముందే చూస్తాం. లేకపోతే టీకా వేసి, నెల ఆగి, అప్పుడు మందు మొదలుపెడతాం. శారదకు చిన్నప్పుడే వచ్చి పోయిందట, పరీక్షలోనూ రక్షణ ఉన్నట్టే తేలింది. ఇక ఆ జబ్బు ఊసు మళ్ళీ ఎవరమూ ఎత్తలేదు.

మొదటి మాత్ర వేసిన రోజు మధ్యాహ్నానికి ఆమె నాడి యాభైకి కొంచెం కిందికి దిగింది. అది మామూలే. నేను మణికట్టు పట్టుకుని ఉండగా శారద అంది:

“సిస్టర్ గారూ, గుండె మీద ఎవరో చల్లటి అరచెయ్యి పెట్టినట్టుందండీ. నొప్పేం లేదండి. ఊరికే అలా పెట్టి ఉంచారంతే.”

మూలన కుర్చీలో జపం చేసుకుంటున్న కామేశ్వరమ్మ గారు కళ్ళు తెరిచి, “ఎవరు పెట్టారమ్మా?” అని అడిగారు. ఏదో మాటవరసకు కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. నేను నాడి అంకె చార్టులో రాసుకున్నాను. సాయంత్రానికి నాడి పైకి వచ్చింది, ఈసీజీ బాగుంది, పంపించాం.

పంపేముందు చెప్పవలసినవన్నీ చెప్పాం. మందు మానకూడదు. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు కలిపి వేసుకోకూడదు. మొదటి నెలలో ఒక్క రోజు తప్పినా మాకు ఫోన్ చేయాలి. జ్వరమో పొక్కులో కనిపించినా, చూపు మసకబారినా అంతే. మూడు నాలుగు నెలలకు కళ్ళు మళ్ళీ చూపించుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ తర్వాత ఎప్పుడైనా సరే, ఏ కారణం చేతనైనా సరే, రెండు వారాలు దాటి మందు ఆగిపోతే ఇంట్లో మళ్ళీ మొదలుపెట్టకూడదు. అన్నాళ్ళు ఆగితే గుండె ఆ అలవాటు మర్చిపోతుంది. అప్పుడు వేసుకునేది ఎన్నో మాత్ర అయినా, గుండెకు అది మళ్ళీ మొదటి మాత్రే. అది మా గదిలోనే వేయాలి. శారద శ్రద్ధగా విని, తిరిగి నాకే పాఠంలా అప్పజెప్పింది.

శీతాకాలం వచ్చేసరికి ఆమె బాగా కోలుకుంది. కళ్ళ పరీక్షకు వచ్చినప్పుడు పాపను చంకనేసుకుని కారిడారులో నడిచి చూపించింది. నాకు చాలా సంతోషమేసింది. అది పైకి కనబడకుండా, పాప ముక్కు తుడవమని కసురుకున్నాను.

ఈ రోగులందరికీ నెలకోసారి ఫోన్ చేసి కనుక్కునే పని లిన్సీ సిస్టర్‌ది. కేరళ పిల్ల, పదేళ్ళుగా ఏలూరులోనే ఉంది. తెలుగు చక్కగా మాట్లాడుతుంది. మనం ఒక ‘అండీ’ అనేచోట తను రెండంటుంది. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, డ్యూటీ మారే వేళ, వచ్చి ఆ రోజు ఫోన్ల సంగతులు చెబుతోంది.

“శారద గారింట్లో అత్తగారు తీశారు మేడమ్. అమ్మగారు ఇంట్లోనే ఉన్నారటండి. చల్లగా చూస్తున్నారటండి. రేపు పొద్దున్నే నీళ్ళు పోసేస్తారటండి. ఇప్పుడెవరూ రాకూడదు, ఏమీ అడక్కూడదు అని పెట్టేశారండి. బాగానే ఉన్నట్టున్నారు మేడమ్.”

నేను బ్యాగు సర్దుకుంటున్నాను. రైలు టైమైపోతోంది. బ్యాగు కింద పెట్టి అడిగాను. “అమ్మగారు అన్నారా, అమ్మవారు అన్నారా?”

“అమ్మవారు అనే అన్నారు మేడమ్. రెండూ ఒకటే కదండీ?”

ఒకటి కాదు. మా వైపు ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే, అంటే చికెన్‌పాక్స్ వస్తే, జబ్బు పేరు ఎత్తరు. అమ్మవారు వచ్చారంటారు. అమ్మవారు ఉన్నన్నాళ్ళూ గుమ్మానికి వేపమండలు కడతారు. తాలింపు వేయరు, తల దువ్వుకోరు, ఎవరినీ రమ్మనరు, పొమ్మనరు. ఆవిడ తన ఇష్టంతో వచ్చింది, తన ఇష్టంతోనే పోవాలి, మధ్యలో మందులు వేస్తే ఆగ్రహిస్తుందని నమ్మకం. కొన్ని ఇళ్ళలో ఆ నియమం పొక్కులు పోసినవాళ్ళకే కాదు, ఇల్లంతటికీ. పొక్కులు ఎండాక వేపాకు, పసుపు వేసి కాచిన నీళ్ళు పోస్తారు. అదీ ఒక విడతతో అయిపోదు, ఆగి ఆగి పోస్తారు. ఆఖరి నీళ్ళు పోసేశాక అమ్మవారిని సాగనంపి, ఆపినవన్నీ మళ్ళీ మొదలుపెడతారు.

ఆపినవన్నీ మళ్ళీ మొదలుపెడతారు. అది తలుచుకోగానే రైలు సంగతి వదిలేసి కిందికి దిగాను. కింద మందుల షాపులో అడిగితే, శారద కొత్త డబ్బా తీసుకెళ్ళాల్సిన గడువు దాటి రెండు వారాల పైనే అయిందన్నారు. శారదకు చిన్నప్పుడే వచ్చి పోయింది గనుక, అమ్మవారు వచ్చింది పాపకే అయ్యుండాలి. మందు ఆగింది మాత్రం శారదకు. రేపు పొద్దున నీళ్ళు పోయగానే ఆమె చేతికి మాత్ర ఇస్తారు. పక్కన ఈసీజీ ఉండదు, నాడి పట్టుకునేవాళ్ళూ ఉండరు.

మా న్యూరాలజిస్టు గారు వారంలో రెండు రోజులు విజయవాడ నుంచి వస్తారు. ఫోన్ చేస్తే, శారద ఆ మాత్ర వేసుకోకుండా చూడమన్నారు. వేసేసుకుని ఉంటే వెంటనే మానిటరు మీదకు తీసుకురమ్మన్నారు. శారద ఫోన్, మాస్టారి ఫోన్, అప్పటికి రెండూ స్విచాఫ్. వాట్సాప్‌లో మెసేజి పెట్టాను. ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోయింది. ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళు లేరు. ఆ రాత్రికి ఆసుపత్రిలో ఖాళీ బండి లేదు. తెల్లారి మా అంబులెన్సు ఒక రోగిని కైకలూరులో దింపడానికి వెళుతోందని తెలిసి, నేనూ వస్తానన్నాను. ఈసీజీ మిషను, అత్యవసర మందుల పెట్టె ఎక్కించమన్నాను. డ్రైవరు రాంబాబు, ఒక పేషెంటును దింపడానికి ఇంత సరంజామా ఎందుకండీ అన్నట్టు చూశాడు.

కొల్లేటి మీదకు వచ్చేసరికి మంచు దట్టంగా కమ్మేసింది. రోడ్డుకు రెండువైపులా నీళ్ళున్నాయని తెలుసు, కనిపించవు. వంతెన ఎక్కినట్టు చక్రాల చప్పుడు మారడాన్ని బట్టి తెలిసింది. ఎక్కడో గూడబాతులు ఒక్కసారిగా రెక్కలు కొట్టుకుని ఊరుకున్నాయి. చెరువుల్లో నీళ్ళకు గాలి కలిపే ఏరేటర్ల మోత మాత్రం ఆగకుండా మాతోపాటే వస్తోంది. ఒక్క మనిషీ ఎదురుపడలేదు. కైకలూరులో రోగిని దింపి, శారద వాళ్ళ వీధిలోకి తిరిగేసరికి పొద్దు బాగానే ఎక్కింది గాని వెలుతురు రాలేదు.

గేటుకు, గుమ్మానికి, కిటికీ ఊచలకు కూడా వేపమండలు. వాకిలంతా తడి, పసుపు వాసన. టిఫిన్ల వేళ ఏ ఇంట్లోనైనా ఏదో ఒక వంట వాసన ఉంటుంది కదా. ఆ ఇంట్లో లేదు. కామేశ్వరమ్మ గారు గడప లోపల నిలబడి ఉన్నారు. నన్ను గుర్తుపట్టారు. రమ్మనలేదు, ఎందుకొచ్చావనీ అనలేదు. గుమ్మం పక్కన గిన్నెలో పసుపునీళ్ళు ఉంటే నేనే చెప్పులు విడిచి కాళ్ళ మీద పోసుకున్నాను. ఆవిడ కొంచెం పక్కకు జరిగారు. దాన్నే అనుమతి అనుకుని లోపలికి వెళ్ళాను.

పాప వేపాకు పరిచిన చాప మీద నిద్రపోతోంది. ఒంటి మీద ఎండిన మచ్చలు, కొత్త గౌను. శారద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తడిజుట్టు విరబోసుకుని, కళ్ళు తెరుచుకుని, చిన్నగా నవ్వుతోంది. పెదాల రంగు నాకు నచ్చలేదు. మాస్టారు పక్కన కూర్చుని ఉన్నారు. నేను అడక్కముందే గొంతు తగ్గించి చెప్పారు.

“తెల్లారకుండానే నీళ్ళు పోసేశామండీ. శారద మందు కూడా ఇచ్చేశామండీ. అమ్మవారి పటం దగ్గర పెట్టి, ప్రసాదంలా కళ్ళకద్దుకుని వేసుకుందండి.”

“ఇన్నాళ్ళూ ఎందుకు ఆపారండీ? చెప్పాం కదా.”

“ఆపలేదండీ,” అన్నారు మాస్టారి బదులు కామేశ్వరమ్మ గారు. “మీరు మానొద్దన్నారుగా, మేం మానలేదండి. అమ్మవారున్నారని అమ్మవారి దగ్గరే పెట్టాం. అంతే.”

వాదించే వేళ కాదు. శారద మణికట్టు పట్టుకున్నాను. చెయ్యి చల్లగా ఉంది. ఒక దెబ్బ తగిలింది. తర్వాతి దాని కోసం ఆగాను. రాలేదు. బయట ఏరేటర్ల మోత వినబడుతోంది. అప్పుడు, ఎక్కడికో వెళ్ళి తిరిగి వచ్చినట్టు, రెండో దెబ్బ తగిలింది. వాచీ చూసి లెక్కపెట్టాను. ముప్పై ఆరు. నాకు నిజంగా భయమేసింది. ఈ మాత్ర వేసుకున్న నాలుగైదు గంటలకు నాడి అన్నిటికంటే కిందికి దిగుతుంది. ఆ వేళ ఇంకా రాలేదు.

“చెయ్యి పెట్టారండీ మళ్ళీ,” అంది శారద. “ఈసారి తియ్యడం లేదు.”

“ఒళ్ళంతా చల్లబడింది తల్లికి,” అన్నారు కామేశ్వరమ్మ గారు. ఆవిడ ముఖంలో దిగులు లేదు, తృప్తి ఉంది. “అమ్మవారు చల్లగా చూశారు.”

మన భాషలో చల్లగా ఉండమని దీవిస్తాం, అమ్మ చల్లగా చూసిందంటాం. పొద్దుటినుంచి ఆ ఇంట్లో ముగ్గురూ ఆ చల్లదనాన్ని చేత్తో తాకి సంతోషిస్తున్నారు. నాకు కోపం ఎంత వచ్చిందంటే, నోరు తెరిస్తే ఏమంటానో నాకే తెలియదు. కాని ఆవిడతో గొడవపడితే శారద ఆ గడప దాటదు. ఆమెను ఇప్పుడు ఆ గడప దాటించాలి, అంతకు మించి నాకేమీ అక్కరలేదు.

“పిన్నిగారూ, ఇలా రండి,” అని ఆవిడను కూర్చోబెట్టి, ఆవిడ వేళ్ళు తీసుకుని శారద నాడి మీద పెట్టాను. రెండో చేతి వేళ్ళు ఆవిడ సొంత నాడి మీద పెట్టించాను. “మాట్లాడకుండా రెండూ చూడండి.”

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి నొసలు ముడిపడ్డాయి. ఆవిడ నాడి రెండుసార్లు కొట్టుకునేలోగా శారదది ఒక్కసారి. కళ్ళు తెరవకుండానే నన్ను అడిగారు.

“మధ్యలో ఎక్కడికి వెళ్ళొస్తోందమ్మా?”

నా సర్వీసు మొత్తంలో నాడి గురించి ఎవరూ నన్ను అలా అడగలేదు. “వెళ్ళింది తిరిగి రాకపోవచ్చండీ. ఇప్పుడే తీసుకెళ్ళాలి,” అన్నాను.

మాస్టారు లేచారు. లేచి అక్కడే ఆగిపోయారు. అమ్మవారిని సాగనంపేదాకా ఆ ఇంట్లోవాళ్ళు గడప దాటకూడదు. సాగనంపడం సాయంత్రం అనుకున్నారు. ఆయన నా వైపు కాక తల్లి వైపు చూశారు. ఆ క్షణంలో ఆవిడ సాయంత్రం దాకా ఆగమంటే నేనేం చేసేదాన్నో నాకిప్పటికీ తెలియదు. ఆవిడ శారద చెయ్యి కింద పెట్టి లేచి, లోపలికి వెళ్ళి, గిన్నెలో పెరుగన్నం, వేపమండ, పసుపు పట్టుకుని వచ్చారు. “ఇప్పుడే పంపిద్దాం,” అన్నారు. “నేను ముందు నడుస్తాను. మీరు వెనకాల తీసుకురండి.”

శారదను స్ట్రెచరు మీద అంబులెన్సులోకి చేర్చాం. ఈసీజీ తీగలు పెట్టి, గీత ఫోటో డాక్టరు గారికి పంపాను. మందు ఎక్కించడానికి చేతికి క్యాన్యులా పెట్టాను. అమ్మవారిని వదిలి రావలసిన పొలిమేర ఆ వీధి చివర, డ్రెయిను మీద తూము దగ్గర, ఎలాగూ మా దారిలోనే ఉంది. రాంబాబు సైరన్ వేయబోతే వద్దన్నాను. మంచులో గిన్నె పట్టుకుని ఆ ముసలావిడ ముందు, వెనకాల చప్పుడు లేకుండా మా బండి. రెండు గుమ్మాల్లో మనుషులు నిలబడి ఉన్నారు. తూము దగ్గర ఆవిడ గిన్నె దింపి, నీళ్ళు చల్లి, తిరిగి వచ్చేటప్పుడు మా బండి పక్కనుంచే తల వంచుకుని వెళ్ళిపోయారు. సాగనంపినవాళ్ళు వెనక్కి చూడకూడదు. కోడలి వైపు కూడా చూడలేదు.

కైకలూరు దాటాం. మాస్టారు డ్రైవరు పక్కన కూర్చుని వెనక్కి తిరిగి చూస్తున్నారు. నేను శారద పక్కనున్న బెంచీ మీద కూర్చుని, నాడి వదలకుండా, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని డాక్టరు గారితో మాట్లాడుతున్నాను. ఇంకా తగ్గినా, స్పృహలో తేడా వచ్చినా అట్రోపిన్ ఇవ్వమన్నారు. అది గుండె వేగాన్ని పెంచే మందు. సిరంజి సిద్ధంగా ఉంది. వంతెన ఎక్కిన చప్పుడు వచ్చింది. శారద కళ్ళు నా ముఖం మీద నుంచి నా పక్కకు జరిగాయి. అక్కడ ఖాళీ బెంచీ తప్ప ఏమీ లేదు.

“కొంచెం జరగండి సిస్టర్ గారూ,” అంది మెల్లగా. “అమ్మవారికి చోటు లేదండీ.”

తలకు రక్తం సరిగా అందకపోతే మనిషి ఇలా మాట్లాడటం నాకు కొత్త కాదు. అది తెలిసి కూడా నేను జరిగాను. ముందు సీట్లోంచి మాస్టారు, ఎవరికీ వినబడకూడదన్నట్టు అన్నారు. “పొలిమేరలో దిగలేదాండీ?”

ఆ తర్వాత నాడి మళ్ళీ ఆగింది. ఈసారి ఆగిన వ్యవధి చాలా పెద్దది. మానిటరు మీద గీత సాపుగా పోతోంది, శారద కళ్ళు పైకి తేలాయి. ఆ నిశ్శబ్దంలో నేను అట్రోపిన్ ఇచ్చాను. ఇస్తూ శారదను పేరు పెట్టి గట్టిగా పిలిచాను. పొద్దుటినుంచి ఆమెను పేరుతో ఎవరూ పిలిచి ఉండరు. ఒక దెబ్బ పడింది. ఇంకొకటి. తర్వాత దగ్గరదగ్గరగా పడసాగాయి. అంకె నలభై దాటింది, యాభై దాటింది. వంతెన దిగేసరికి పెదాలకు రంగు వచ్చింది. శారద నా పక్కనున్న ఖాళీ బెంచీ వైపు చూసి, “దిగిపోయారండీ,” అని కళ్ళు మూసుకుంది. ఎవరని నేను అడగలేదు. మాస్టారు ఏడుస్తున్నారు. ఏలూరు వచ్చేదాకా నేను జరిగిన చోటు నుంచి మళ్ళీ వెనక్కి జరగలేదు.

ఆ రాత్రి ఆమెను మానిటరు మీదే ఉంచారు. గుండె డాక్టరు గారు కూడా చూశారు. మందు మార్చాలా అని ఇద్దరు డాక్టర్లూ ఆలోచించి, ఇదే బాగా పనిచేస్తోంది గనుక, మర్నాటి మాత్ర కూడా ఆసుపత్రిలోనే, మానిటరు మీదే వేశారు. నాడి ఈసారి కొద్దిగానే దిగింది. పాపకు ఒళ్ళు పూర్తిగా మానేదాకా శారదలో ఏ కొత్త లక్షణం కనిపించినా చెప్పమని, రక్తకణాల పరీక్ష మళ్ళీ చేయించి పంపారు.

వారం తర్వాత కామేశ్వరమ్మ గారు కోడలితోపాటు వచ్చారు. ఆవిడ నాకు క్షమాపణ చెప్పలేదు, నేనూ కోరలేదు. మళ్ళీ ఇంట్లో ఎవరికైనా అమ్మవారు వస్తే ఏం చేస్తారని అడిగాను. ఆవిడ అప్పటికే ఆలోచించి పెట్టుకున్నారు.

“ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆ మాత్ర అమ్మవారికి నైవేద్యం పెట్టి ఇస్తున్నానమ్మా. నైవేద్యం పెట్టడం మొదలుపెట్టాక ఒక్కరోజు తప్పకూడదు కదా. అమ్మవారు ఇంట్లో ఉన్నప్పుడైతే అసలే తప్పకూడదు.”

మేము శారద చేత అప్పజెప్పించుకున్న పాఠం కంటే ఇది గట్టిగా నిలిచింది. నేను రిటైరయ్యేవరకు ఆ ఇంట్లో ఒక్క మాత్ర తప్పలేదు.

ఆ తర్వాత మా పద్ధతిలో రెండు మార్పులు చేశాను. మందు మానేశారా అని అడగడం మాన్పించాను, ఎవరూ మానేశామని అనరు గనుక. ఈ రోజు మాత్ర ఎక్కడుంది, ఎవరి చేత్తో ఇచ్చారు అని అడిగించాను. చికెన్‌పాక్స్ గురించి అడిగేచోట ఆ పేరుతో పాటు మన పేరు కూడా చేర్పించాను. లిన్సీ ఇప్పటికీ నెలనెలా ఫోన్ చేసి, తన కేరళ యాసలో, “మీ ఇంట్లో అమ్మవారు ఉన్నారాండీ?” అని అడుగుతుంది. ఉండి అనే ఊరి నుంచి ఒక పెద్దాయన ఒకసారి ఉలిక్కిపడ్డాడట. తర్వాత, “నిన్ననే వచ్చారమ్మా, మీకెవరు చెప్పారు?” అన్నాడట. ఆయన మందు ఆగకముందే ఆసుపత్రికి తీసుకురాగలిగారు.

ఇందులో నేను నేర్చుకున్నది చిన్న విషయమే. రోగి చల్లగా ఉందంటే, ఇంట్లోవాళ్ళు చల్లగా ఉందంటే, అది దీవెనో లక్షణమో మాటను బట్టి తెలియదు. ఫోన్లో అసలు తెలియదు. వెళ్ళి చెయ్యి పట్టుకుని, తర్వాతి దెబ్బ పడేదాకా ఆగి చూడాలి.